బొండాం సంగతి

బరంపురం,
సెప్టెంబరు 28

ఒరే సూరత్ సేఠూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. తిట్లన్నీ దాచిపెట్టు, దసరాకి వచ్చినప్పుడు ఒక్కసారే ఇద్దువుగాని. ఇక్కడ అందరం బాగున్నాం. చెల్లికి సంబంధం కుదిరింది, స్కూటరు అమ్మేశాం, ఏడో నంబరు బల్ల ఇంకా ఊగుతూనే ఉంది. మిగతావి తర్వాత.

బాబాయికి డయాలసిస్ మొదలైందని రాశావు కదా, గోపాల్‌పూర్ నుంచి బరంపురానికి వారానికి మూడుసార్లు అని. అది చదివిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది: కొబ్బరిబొండాం. నవ్వకు. ఇది చేపలబుట్ట వ్యవహారం కాదు.

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న మీ ఊరి దగ్గరే తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో, సరిగ్గా అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబరు 11న, పలాస దగ్గర. అంటే ఇంకో రెండు వారాలు. ఏటా వస్తుందని కాదు గానీ, సంచి సర్దుకోవడానికి ఇదే అదను.

తుఫాను పోయిన తెల్లారి ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? కుళాయి రాదు, బోరుకి కరెంటుండదు, పడిపోయిన చెట్ల నిండా బొండాలు. ఎవరో ఒకరు ప్రేమగా చెక్కి "తాగు తాతా, చలవ చేస్తుంది" అని చేతిలో పెడతారు. బాబాయికి అది విషంరా. ఒక్క గ్లాసు కొబ్బరినీళ్ళలో నాలుగు వందల మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పొటాషియం ఉంటుంది. మన కిడ్నీలు దాన్ని ఒంటేల్లో పంపించేస్తాయి. ఆయనకి ఆ పని చేసేది మిషను, అది ఆ రోజు ఆగిపోయి ఉంటుంది. పేరుకున్న పొటాషియం కాళ్ళలో సత్తువ లాగేస్తుంది, గుండె లయ తప్పిస్తుంది. ఒక్కోసారి ముందు ఏ సూచనా ఉండదు.

జనరేటరు ఉంటుంది కదా అంటావు. కరెంటు ఒక్కటే కాదు. మిషన్లో ద్రావణం నిమిషానికి అర లీటరు చొప్పున పారాలి. నాలుగు గంటలకి 120 లీటర్లు, అదీ ఆర్వోలో శుద్ధి చేసిన నీళ్ళు, ఒక్క మనిషికి. ట్యాంకు నిండకపోతే జనరేటరు ఎంత మోగినా ఏం లాభం? పైగా దారంతా చెట్లు పడి ఉంటాయి, టెక్నీషియను ఇంట్లోంచి కదల్లేడు.

అందుకని తమ్ముడికి ఈ ముక్క గట్టిగా చెప్పు. వాతావరణ శాఖ అలర్ట్ 48 గంటల ముందు ఇస్తుంది, వార్నింగ్ 24 గంటల ముందు. అలర్ట్ చెవిన పడగానే సెంటరుకి ఫోను చేసి, రేపటి వంతు ఇవాళే వేయమని అడగాలి. వార్నింగ్ దాకా ఆగితే అందరూ అదే అడుగుతారు, మంచం దొరకదు. అయ్యాక మళ్ళీ సముద్రం ఒడ్డుకి తీసికెళ్ళొద్దు. మా మేడమీద గది ఖాళీయే. నీ గురక లేదు కాబట్టి నిద్ర కూడా పడుతుంది.

తర్వాత మూడు రోజుల తిండి గురించి. నీళ్ళు రోజుకి అర లీటరు, మాత్రలు మింగేవీ టీ కూడా అందులోకే. పొద్దున్నే అర లీటరు సీసా నింపి ఎదురుగా పెడితే లెక్క తప్పదు. (ఒంటేలు ఎంత వస్తోందో చూసి డాక్టరు ఈ లెక్క మార్చొచ్చు, ఇప్పుడే అడిగి ఉంచుకోండి.) షెల్టర్లో చుడా, గుడొ (అటుకులు, బెల్లం) పంచుతారు కదా, చుడా తినొచ్చు, బెల్లం వద్దు, దాన్నిండా పొటాషియమే. ఆయనకి షుగరు లేదు కాబట్టి పంచదార కలుపుకోమను. అరటిపళ్ళు వద్దు. ఓఆర్‌ఎస్ కూడా వద్దు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు అసలే వద్దు, సోడియం తగ్గించి దాని బదులు వేసేది పొటాషియమే! పొటాషియాన్ని పట్టేసే పొడి ఉంటుంది, డాక్టరు చేత మోతాదుతో సహా రాయించి సంచిలో వేయించు.

ఆ సంచిలో మందులకంటే ముఖ్యం ఒక కాగితం. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), డయలైజరు (రక్తం వడకట్టే గొట్టం) రకం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, ఆఖరి డయాలసిస్ తేదీ, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రిపోర్టులు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి మిషను వేరుగా ఉంచుతారు, అందుకే రిపోర్టు చూడందే కొత్త సెంటర్లో తొందరగా ఎక్కించుకోరు. ఇంగ్లీషులో రాయించు. ఇక్కడ నర్సమ్మలు కొందరు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. రెండు పాలిథీన్ కవర్లు తొడగాలి, లోపలిదాని మూతి కిందికి ఉండేలా.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమచెయ్యి! పడవ ఎక్కించేవాడికి ఎడమచెయ్యి అందించకూడదు, సంచి దానికి తగిలించకూడదు, క్యాంపులో ఆ చేతికి బీపీ పట్టా గానీ సెలైన్ గానీ పెట్టనివ్వొద్దు. రోజూ పొద్దున్నే వేళ్ళానించి చూడమను, లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మనాలి. ఆ జుమ్ము ఆగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్ళలో సత్తువ పోయినా, వాన తగ్గాక చూద్దాం అనుకోకుండా ఎలాగోలా ఆసుపత్రికి చేర్చాలి.

పిన్ని ఇన్సులిన్ సంగతి బేగి చెప్పేస్తాను. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా నీడపట్టున నాలుగు వారాల దాకా ఆగుతుంది. విప్పని సీసాలకి పెద్ద కుండలో తడి ఇసక పోసి, దాని మధ్య చిన్న కుండ పెట్టి అందులో ఉంచాలి. ఐసుకి ఆనించొద్దు, గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు, పారేయడమే.

డబ్బు పంపుతానన్నావు, ముందు ఆ గోధుమరంగు ట్రంకుపెట్టె తాళం ఎక్కడుందో పిన్నినడుగు, అందులోనే పాత రిపోర్టులు, నీ ఆ ఫొటో కూడా... అదిగో, పోస్టు డబ్బా తీసేవాడు వచ్చేశాడు. ఉంటా.

నీ
పకోడీ