పాపికొండల మధ్య సౌండ్ బాక్సులు ఆపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీక మాసంలో మనవరాలిని తీసుకుని లాంచీ మీద పాపికొండలు వెళ్లాను. రేవు దాటినప్పటి నుంచీ పైన సౌండ్ బాక్సులు మోగుతూనే ఉన్నాయి. రెండు పక్కలా కొండలు దగ్గరపడి గోదావరి సన్నబడే చోట మోత ఇంకా పెంచారు. సరిగ్గా అక్కడే రెండు హార్న్‌బిల్ పక్షులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటాయి. నలుపూ తెలుపూ ఒళ్లు, పసుపు ముక్కు, దాని మీద ఇంకో ముక్కు అతికించినట్టు పెద్ద బుడిపె. ఆ పక్షి ఎగిరితే రెక్కల చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. మాకు వినపడలేదు. అదేం పక్షి తాతా అని పాప నా చెవిలో అరిచి అడగాల్సి వచ్చింది. డ్యాన్సుల్లో ఉన్నవాళ్లెవరూ తలెత్తలేదు.

2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, బెట్టుడుత, గిరినాగు అన్నీ ఉన్నాయి. మైకులో ఆ ఊసే లేదు. ఏ సినిమా షూటింగు ఎక్కడ జరిగిందో మాత్రం వరసగా చెప్పుకొచ్చారు. డబ్బు పెట్టి పిల్లల్ని తీసుకెళ్లేది ఇందుకా?

హార్న్‌బిల్ మర్రి, మేడి, జువ్వి పళ్లు తిని గింజల్ని అడవంతా చల్లుతుంది. అలా మొలిచిన చెట్ల వేళ్లు కొండవాలు మట్టిని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. ధవళేశ్వరం దగ్గర మా డెల్టా కాలువలకి మళ్లే నీళ్లు ఆ కొండల సందులోంచి వచ్చేవే. వరి, కొబ్బరి, అరటి పెట్టుకుని బతికే మాకు ఆ అడవి బాగుండటం చాలా అవసరం.

లాంచీ కొండల మధ్య ఉన్నంతసేపూ సౌండ్ బాక్సులు కట్టేయాలని అధికారులు గట్టిగా చెప్పాలి. లాంచీ ఆగే పేరంటాలపల్లిలో అక్కడి గిరిజనులైన కొండరెడ్లు వెదురు పూలు, బొమ్మలు అమ్ముకుంటున్నారు. వాళ్లలో చదువుకున్న కుర్రాళ్లని లాంచీకి ఒకరు చొప్పున గైడుగా పెట్టి, సరైన జీతం ఇవ్వాలి. ఆ అడవి గురించి వాళ్ల కంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరున్నారు? తిరుగు ప్రయాణంలో కొండలు దాటాక ఎన్ని పాటలు పెట్టుకున్నా అభ్యంతరం లేదు. సంక్రాంతికి జనం మళ్లీ కిక్కిరిసిపోతారు, ఆ లోపే ఈ పని జరగాలని మనవి.

– ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట, కోనసీమ