తొట్లకొండకు ఒక బస్సు, ఒక నీడ: జిల్లా పర్యాటక అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కార్తీక మాసం వస్తే విశాఖలో సగం కుటుంబాలు క్యారేజీలు కట్టుకొని భీమిలి రోడ్డెక్కుతాయి. వారిలో ఎక్కువమంది రుషికొండ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు. భీమిలి బస్సు తొట్లకొండ మీది పురాతన బౌద్ధారామానికి వెళ్లే మలుపులో దింపేశాక, పులిహోర గిన్నెతో, చంటిపిల్లతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మతో ఆ ఘాటీ రోడ్డు ఎక్కడం సాధ్యపడదు. సొంత కారున్నవారికి ఈ చిక్కే లేదు.

1976లో నౌకాదళ స్థావరం కోసం జరిపిన విమాన సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు సాగిన ఈ బౌద్ధారామంలో మహాస్తూపం, విహారాల పునాదులు, భిక్షువుల భోజనశాల, వాన నీరు పట్టేందుకు రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడేది ఆ తొట్ల దగ్గరే. కొండమీద అంతమందికి నీరెలా సరిపోయిందన్న వారి ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఒకరు ఆదివారాల్లోనైనా అక్కడ ఉండాలి.

కాబట్టి కార్తీక ఆదివారాల్లో కొండ దిగువ నుంచి పైకి ఒక చిన్న బస్సు నడిపించవలసిందిగా, దానినే దగ్గరలోని మరో బౌద్ధ క్షేత్రమైన బావికొండకు, భీమిలిలోని డచ్చివారి సమాధుల వరకు పొడిగించవలసిందిగా కోరుతున్నాను. భోజనాలకు నీడ, తాగునీరు శిథిలాలకు దూరంగా, దిగువనే ఏర్పాటు చేయించండి. 2019 అక్టోబరు వానలకే మహాస్తూపం దెబ్బతిన్న చోట విస్తరాకులు, గాడిపొయ్యిలు ఉండకూడదు. ఈ కార్తీకానికే మొదలుపెట్టగలిగితే సంతోషిస్తాము.

ఇట్లు,
విశాఖ నివాసి