పలక మీది లెక్క

జుగ్, స్విట్జర్లాండ్,
ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? డాక్టరుగారు వద్దన్నా మీరు పుస్తకాల కోసం మేడ ఎక్కుతున్నారని అమ్మ చెప్పింది. వాటిని కింది గదిలోకి దించమని తమ్ముడికి చెప్పాను.

మొన్న ఫోనులో మీరు అడిగిన మాట నన్ను వదలడం లేదు. ఎదురింటి బాబాయిగారి డబ్బు పోయింది క్రిప్టో అనే ఈ కంప్యూటర్ నాణేల వ్యవహారంలోనే కదా, నువ్వు చేసేదీ అదేనా అన్నారు. చుట్టూ ఆఫీసు వాళ్లున్నారు, "కాదు నాన్నగారూ" అని మాత్రం అనగలిగాను.

బాబాయిగారికి పదింతలు చేస్తామని ఆశపెట్టారు. నేను ఎవరి డబ్బూ ముట్టుకోను. నా జీతం ఫ్రాంకుల్లో బ్యాంకులో పడుతుంది. ఆ నాణేలు ఇంతవరకు ఒక్కటి కూడా కొనలేదు. ఒట్టు.

మిల్లులో మీరు చిట్టా రాసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. లెక్క ముందు పలక మీద వేసి, సరిపోయాకే పుస్తకంలోకి ఎక్కించేవారు. పుస్తకంలో చెరపకూడదు, తప్పు పడితే కింద ఇంకో పద్దు రాసి సరిదిద్దాలి అనేవారు. నేను పనిచేసే ఇథీరియం కూడా కంప్యూటర్లలో ఉండే అటువంటి లెక్కల పుస్తకమే. 2015 జూలై 30న మొదలైంది. పన్నెండు సెకన్లకు ఒక పుట చొప్పున పెరుగుతోంది, ఎన్నో దేశాల కంప్యూటర్లలో దాని నకళ్లున్నాయి. ఎక్కిన పద్దును కొట్టివేయడం నాబోటి వాళ్ల వల్ల కాదు. నేను రాసే ప్రోగ్రాంలు ఆ పుస్తకంలోకే ఎక్కుతాయి, అందుకే నాకూ పలక కావాలి. నా కంప్యూటర్‌లోనే నడిచే ఆ పలకను లోకల్ నోడ్ అంటారు.

దానికి నేను వాడే పనిముట్టు పేరు హార్డ్‌హ్యాట్. ఒక్క ఆదేశం ఇస్తే తెర మీద ఇరవై ఖాతాలు వస్తాయి, ఒక్కొక్క దానిలో 10,000 ఈథర్లు, అంటే ఇథీరియం నాణేలు. అమ్మ కంగారుపడుతుందేమో, అవి బొమ్మల పెళ్లిలో చింతగింజల వంటివి, బయట చెల్లవు. ఆ ఖాతాల తాళాలు ఈ పనిముట్టు వాడే అందరికీ తెలిసినవే, కాబట్టి అసలు డబ్బు వాటిలోకి పొరపాటున పంపితే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఆ మాట కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. ఈ పలక మీద పన్నెండు సెకన్లు ఆగనక్కరలేదు, పద్దు రాయగానే పుట పూర్తవుతుంది. గడియారాన్ని ఏడాది ముందుకు జరిపి నా ప్రోగ్రాం కట్టే అప్పటి వడ్డీ సరిగ్గా వస్తోందా అని కూడా చూస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

పోయిన మంగళవారం మాత్రం చాలా కష్టపడ్డాను. నోడ్ ఆపితే పలక తుడిచినట్టే, మళ్లీ సున్నా నుంచి మొదలు. కానీ లావాదేవీలు పంపే వాలెట్‌కు పాత వరుస గుర్తుండిపోయింది. అది పదిహేనవ పద్దు పంపుతుంటే, కొత్త పుస్తకం మొదటి దాని కోసం ఎదురుచూస్తోంది. నేను రాత్రి రెండింటి దాకా నా ప్రోగ్రాంలో తప్పు వెతికాను. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను కూడా. ఇది అమ్మకు చదివి వినిపించకండి. తెల్లవారి వాలెట్‌లో పాత వరుస చెరిపేస్తే రెండు నిమిషాల్లో సరిపోయింది. మీరు పక్కన ఉంటే "వరుస సంఖ్య చూశావా?" అని మొదటే అడిగేవారు.

జ్యూరిక్‌లో శ్రీలంక తమిళుల దుకాణంలో గోంగూర దొరికింది. పచ్చడి చేశాను, అమ్మ చేతి పులుపు రాలేదు. సాయంత్రాలు సరస్సు ఒడ్డున నడుస్తున్నాను. స్వెట్టరు వేసుకుంటున్నాను.

బాబాయిగారిని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయమనండి, డబ్బు కట్టిన ఆధారాలన్నీ దాచమనండి. ఆయన బయటికి రావడం మానేశారని విని బాధేసింది. సిగ్గుపడవలసింది ఆయన కాదు. మీరే వెళ్లి పిలుచుకురండి, అరుగు మీద కాసేపు కూర్చోబెట్టుకోండి.

ఉగాదికి సెలవు అడిగాను, ఇంకా ఏ మాటా చెప్పలేదు. మీ పాత చిట్టాలో ఒక పుట ఫొటో తీయించి పంపండి. మీరు మాత్రం మేడ ఎక్కకండి, తమ్ముడే తెస్తాడు.

మీ అమ్మాయి