నయాగరా చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెనడా యాత్ర గురించి వేసిన వ్యాసం చదివాను. టొరంటోలో సీఎన్ టవర్, నయాగరాలో పడవ షికారు, వాంకూవర్‌లో కాపిలానో వేలాడే వంతెన అంటూ టికెట్లు కొనే చోట్లన్నీ చెప్పారు. టికెట్టు లేకుండా చూడగలిగినవి ఒక్కటీ రాయలేదు. పిల్లల దగ్గరికి వెళ్ళే నాలాంటి తల్లిదండ్రులకు ఇది పెద్ద లోటు. ధర వినగానే రూపాయల్లోకి మార్చుకుని "వద్దులే నాన్నా, టీవీలో చూశాంగా" అనేస్తాం. పిల్లలు ఆఫీసుకెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుని నెలలు గడిపి తిరిగొచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

నయాగరా చూడ్డానికి పైసా ఇవ్వక్కర్లేదు. డబ్బు తీసుకునేది పడవకీ, సొరంగంలోకి దిగడానికీ, కారు పెట్టుకోవడానికీ. నయాగరాలో పెద్దదైన హార్స్‌షూ జలపాతం అంచు దాకా కటకటాల వెంబడి కాలిబాట ఉంది. టేబుల్ రాక్ అనే చోట నిలబడితే నీళ్ళు వంగి కిందికి జారే చోటు మన కళ్ళ ముందే ఉంటుంది. అక్కడ నీళ్ళు తెల్లగా ఉండవు. చిక్కటి ఆకుపచ్చగా, గాజు పలకలా వంగుతాయి. తెలుపంతా ఆ 57 మీటర్లు పడేటప్పుడు వచ్చేదే. తుంపర్లకి నా చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

ఇలా ఉచితంగా ఉండటం ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో జలపాతం పక్కన దుకాణాలవాళ్ళు, గైడ్లు వచ్చినవాళ్ళని పీడించి డబ్బు గుంజేవాళ్ళు. 1878లో కెనడా గవర్నర్ జనరల్ డఫరిన్ ప్రభువు ఆ స్థలాన్ని ప్రజల పార్కు చెయ్యాలన్నాడు. మన దేశంలో కాంగ్రెస్ పుట్టినప్పుడు వైస్రాయిగా ఉన్న డఫరిన్ ఆయనే. సోషల్ టీచరుగా ఆయన పేరు పిల్లల చేత ఎన్నిసార్లు చదివించానో! 1885లో ఆ ప్రాంతపు ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది, 1888లో క్వీన్ విక్టోరియా పార్కు తెరిచారు. అంత చేసి కాపాడిన చోటు ఇది. అయినా మన తెలుగువాళ్ళకి ఒక టూరువాళ్ళు ఇచ్చిన కాగితంలో 'జలపాత దర్శనం' అని విడిగా రుసుము వేసి ఉండగా నేనే చూశాను. చాలా బాధేసింది. మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఇంకొకటి. నయాగరా నీళ్ళలో చాలా భాగం కరెంటుకి మళ్ళిస్తారు. 1950 నాటి కెనడా, అమెరికా ఒప్పందం ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగటిపూట కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతానికి వదలాలి. రాత్రిళ్ళూ, చలికాలంలోనూ 50 వేలు చాలు. జలపాతం మీద వేసే రంగు దీపాల కోసం రాత్రి ఉన్నా, ముందు పగలు చూడండి.

టొరంటో నుంచి నయాగరా సుమారు 130 కిలోమీటర్లు. యూనియన్ స్టేషన్ నుంచి 'గో' అనే పేరుతో నడిచే రైలు ఉంది. సీఎన్ టవర్ ఎక్కలేకపోతే దిగులు పడొద్దు. కొద్ది డాలర్లతో ఫెర్రీ ఎక్కి టొరంటో ద్వీపాలకు వెళితే 553 మీటర్ల టవరు, ఊరు మొత్తం సరస్సు మీదుగా కనిపిస్తాయి.

వాంకూవర్‌లో మా అమ్మాయి ఉంటుంది. కాపిలానో వంతెనకి మనిషికి 60 డాలర్ల పైమాటే. అదే నార్త్ వాంకూవర్‌లో లిన్ కాన్యన్ మీద 1912 నాటి వేలాడే వంతెన ఉచితం. వాంకూవర్ ఊళ్ళోంచి సీబస్ అనే పడవ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు, అక్కణ్ణుంచి లిన్ వ్యాలీ బస్సు, అన్నీ ఒకే కార్డు మీద. కింద 50 మీటర్ల లోతున రాళ్ళ మధ్య ఏరు, చుట్టూ దేవదారు చెట్లు. వంతెన ఊగుతుంది, రెండు వైపులా తాడు పట్టుకుని నడవాలి. మన కుర్రాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆ ఏట్లో నీళ్ళు వేసవిలో కూడా గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి, వడి ఎక్కువ. కొండ మీంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. హెచ్చరిక బోర్డులు పెట్టింది అందుకే. ఫోటోల కోసం కంచె దాటకండి, బాబూ.

ఇక మీకు నా విన్నపం. ఈసారి విదేశీ యాత్ర వ్యాసం వేసేటప్పుడు ఒక్కో చోటుకీ ఏది ఉచితం, ఏ బస్సు, ఎంత నడక, కూర్చోడానికి బల్లలున్నాయా, బాత్రూములెక్కడ అనేవి రాయించండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి టేబుల్ రాక్ దగ్గర బాట చదునుగా ఉంటుందనీ, లిన్ కాన్యన్‌లో మెట్లు చాలా ఉన్నాయనీ ఈ ఉత్తరంతోనే చెప్పేస్తున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి