పెన్సిల్వేనియా పర్మిట్ నది దాటితే చెల్లదు

సంపాదకులు గారికి,

పది రోజుల క్రితం మీ ప్రవాసుల పేజీలో వచ్చిన తుపాకీ వార్త చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అమెరికాలో ఏ ఒక్క రాష్ట్రం పర్మిట్ ఉన్నా 1986 ఫెడరల్ చట్టం ప్రకారం దేశమంతా తుపాకీ నడుముకు పెట్టుకుని తిరగొచ్చని రాశారు. తప్పండీ, చాలా పెద్ద తప్పు. ఇది నమ్మి ఎవరైనా తుపాకీతో ఫిలడెల్ఫియా నుంచి డెలావేర్ నది వంతెన దాటితే, అవతల న్యూజెర్సీ. అక్కడ ఈ నేరానికి శిక్ష 5 నుంచి 10 ఏళ్లు, అందులో 42 నెలలు పెరోల్ కూడా లేకుండా.

2013లో ఫిలడెల్ఫియా తల్లి ఒకామెకు ఇదే జరిగింది. కారు ఆపిన పోలీసుకు తుపాకీ ఉందని తనే చెప్పింది, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది, అయినా అరెస్ట్ చేశారు. 2015లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ అది తేలలేదు.

ఆ 1986 చట్టం ఒక రాష్ట్రం గుండా దాటిపోవడానికి దారి మాత్రమే ఇస్తుంది. తూటాలు తీసేసి డిక్కీలో పెట్టాలి. విడిగా డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్స్ పనికిరాదు. బయల్దేరిన చోట, చేరే చోట కూడా ఆ తుపాకీ మన దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. వెర్మాంట్ పోతూ న్యూజెర్సీ దాటొచ్చు గానీ, న్యూజెర్సీలోనే ఉన్న ఎడిసన్‌లో పెళ్లికి వెళ్తే ఆ రక్షణ లేదు. 2005లో ఒకాయన నెవార్క్‌లో విమానం తప్పిపోయి, తుపాకీ ఉన్న పెట్టె తీసుకుని రాత్రికి హోటల్లో పడుకున్నందుకు మర్నాడు విమానాశ్రయంలో అరెస్టయ్యాడు. ఈ చట్టం ఆయన్ని కాపాడదని 2010లో అప్పీల్ కోర్టు కూడా చెప్పింది.

నేను స్టోర్ నడుపుతాను, గ్రీన్ కార్డ్ ఉంది, రాత్రిళ్లు క్యాష్ పట్టుకుని వెళ్లాలి కాబట్టి పర్మిట్ తీసుకున్నాను. తుపాకీ అమ్మిన కుర్రాడు "ఇది ఎక్కడైనా చెల్లుతుంది" అన్నాడు. ఎడిసన్ బయల్దేరే ముందు మా ఆవిడ పట్టుబట్టి లాయర్‌కు ఫోన్ చేయించబట్టి బయటపడ్డాను. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

ఇంకా ఘోరం, హెచ్-1బీ పిల్లల సంగతి ఒక్క వాక్యం కూడా రాయలేదు. వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. మీ పాఠకుల్లో సగం ఇళ్లలో అలాంటి పిల్లలున్నారే!

ఒక రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్స్ ఇంకో రాష్ట్రంలో చెల్లుతుంది, ఇది చెల్లదు. చెల్లేలా చేసే బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో (హౌస్) 231–198తో గెలిచింది, సెనేట్ దాన్ని పట్టించుకోలేదు. 2025లో మళ్లీ తెచ్చారు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లూ గొంతు చించుకుంటారు, ఈ గందరగోళం మాత్రం ఎవరూ తీర్చరు. తుపాకీ అమ్మే కొట్టులోనే మామూలు మనిషికి తప్పు చెప్తున్నారు, ఇక మన పత్రికలు కూడా సరి చూడకుండా అచ్చేస్తే ఎవరిని నమ్మాలి?

దయచేసి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక పాఠకుడు, ఫిలడెల్ఫియా