పంప్ తీసేముందు ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గర్భిణుల షుగర్ గురించి పేపర్లలో తరచూ రాస్తుంటారు, మంచిదే. కానీ ఆ రాతలన్నీ కడుపుతో ఉన్నప్పుడు వచ్చి, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోయే షుగర్ గురించే ఉంటున్నాయి. మా సంగతి వేరే. నాకు పదకొండో ఏటి నుంచి టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. మాది దేవరకొండ దగ్గర పల్లె. పెళ్లయ్యాక డాక్టరమ్మ చెప్పినట్టు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 లోపుకు తెచ్చుకున్నాకే పిల్లల మాట తలపెట్టాం. నాన్న అర ఎకరం అమ్మి పంప్ కొనిచ్చాడు.

పంప్ అంటే నడుముకు పెట్టుకునే చిన్న మిషన్. పొట్ట మీదో తొడ మీదో చర్మం కిందికి పోయే సన్న గొట్టంలోంచి రాత్రింబగళ్లు కొంచెం కొంచెం ఇన్సులిన్ ఎక్కిస్తుంటుంది, తినేటప్పుడు మాత్రం ఎంత తింటున్నామో లెక్క చూసుకుని మనమే బటన్ నొక్కాలి. అందులో పోసేది తొందరగా పనిచేసి తొందరగా అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. ఈ ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క సంగతి కోసమే.

మొదటి కాన్పప్పుడు ఏడో నెలలో వాంతులై ఒక ఆసుపత్రిలో చేరాను. పేరు రాయను, ఎక్కడైనా జరిగేదే. నర్సమ్మ పంప్ తీసి అల్మారాలో పెట్టింది. "ఏమీ తింటలేవు కదమ్మా, ఇన్సులిన్ ఎందుకు, షుగర్ పడిపోతది" అంది. ఆమె నా మంచికే అంది, కానీ మాకు తిన్నా తినకున్నా ఇన్సులిన్ ఉండాల్సిందే. సూదులు వేసుకునే వాళ్లకైతే రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒంట్లో కొంత మిగిలి ఉంటుంది, పంప్ వాళ్లకు అదీ ఉండదు, తీసిన మూడు నాలుగు గంటలకే కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు, మొదలవుతాయి. నిండు మనిషికైతే షుగర్ 200 దగ్గర ఉన్నా అవి పెరిగిపోవచ్చు, బిడ్డ ప్రాణానికే ముప్పు. నాకు ఆయాసం మొదలైతే వాంతుల నీరసం అనుకున్నారు. మా అత్తమ్మ చదువుకోలేదు, కానీ నా మీటర్ చూడటం నేర్చుకుంది. 310 చూసి వార్డంతా వినబడేట్టు అరిచింది. అప్పుడు ఇన్సులిన్ ఇచ్చి, హైదరాబాద్ పంపారు. వంద కిలోమీటర్ల పైన దారి, ఆ దారంతా కడుపు మీద చెయ్యి పెట్టుకుని బిడ్డ కదులుతోందా అని చూసుకుంటూనే పోయాను.

పంప్ వల్ల మేలు చాలా ఉంది. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉండాలంటారు కదా, మూడో నెలలో లో షుగర్లతో వణికిపోయిన నేను ఎనిమిదో నెలకు రోజుకు 34 యూనిట్ల నుంచి 90కి వెళ్లాను, వారం వారం మారే ఆ లెక్కను సూదులతో అందుకోవడం నా వల్ల అయ్యేది కాదు. మాయ పడగానే మళ్లీ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది, ఆ గంటలోనే పంప్ తగ్గించాలి. అందుకే కాన్పు గదిలో వాళ్లకూ ఇది తెలిసి ఉండాలి.

పంప్ ఖర్చు, మూడు రోజులకోసారి మార్చే గొట్టాల ఖర్చు సర్కారు భరించాలని నాకూ ఉంది, అది పెద్ద మాట, తర్వాత అడుగుతాను. ఇప్పుడు అడిగేది చిన్నవి. గర్భిణి కార్డు మీద "టైప్ 1, ఇన్సులిన్ ఆపొద్దు" అని ఎర్ర సిరాతో రాయించండి. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు ప్రతి కాన్పు వార్డులో ఉంచండి, అవేం ఖరీదైనవి కావు. పంప్ తీయక తప్పకపోతే వేరే దారిలో ఇన్సులిన్ ఎక్కించే ఏర్పాటు చేశాకే తీయాలని నర్సులకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. పంప్ వాడే చెల్లెళ్లూ, సంచిలో ఇన్సులిన్ పెన్ను, అదనంగా ఒక గొట్టం పెట్టుకోండి, ఇంట్లో ఒక్కరికైనా మీటర్ చూడటం నేర్పండి.

నాకు ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఈసారి కాన్పు నల్లగొండలోనే కావాలని ఉంది, పెద్దపాపను వదిలి హైదరాబాద్‌లో నెలల తరబడి ఉండలేను. ఆరోగ్య శాఖ వాళ్లు ఇది చదివితే ఈ నాలుగు నెలల్లో ఆ పట్టీలు, ఆ శిక్షణ సంగతి చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, దేవరకొండ మండలం