వార్షిక నివేదిక: అమర జవాన్ల పిల్లలతో ఈ ఏడాది

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా జులై 26న, కార్గిల్ విజయ దివస్ నాడు, అమర జవాన్ల పిల్లల్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, ఫొటో దిగి పంపించేవాళ్లం. కిందటేడు ఒక తల్లి మన కార్యవర్గ సభ్యురాలి చెయ్యి పట్టుకుని, "సభ నుంచి వచ్చిన రాత్రి పిల్లాడు అన్నం ముట్టలేదమ్మా" అంది. ఆ మాటతో పద్ధతి మార్చాం. ఈసారి వేదిక లేదు, మైకూ లేదు. హాల్లో చాపలు పరిచి ఏడుగురు పిల్లలు, వాళ్ల అమ్మలు, తాతయ్యలతో కలిసి కూర్చున్నాం. మాట్లాడాలనిపించినవాళ్లే మాట్లాడారు.

ముందు మేజర్ పద్మపాణి ఆచార్య గురించి చెప్పుకున్నాం. హైదరాబాద్ వాసి. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో అమరుడయ్యారు, యుద్ధంలో చూపిన శౌర్యానికిచ్చే రెండో అత్యున్నత పురస్కారం మహావీర చక్ర వచ్చింది. అప్పటికి భార్య గర్భిణి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బుతాయని, యుద్ధభూమి నుంచి తండ్రికి ఉత్తరం రాశారు. ఆ బిడ్డే అపరాజిత. తండ్రిని చూడకుండానే పెరిగి, ఆయన గురించి పుస్తకం రాసింది.

అది విని తొమ్మిదో తరగతి పాప ఒకతి నోరు విప్పింది. వాళ్ల నాన్న నల్ల ట్రంకు పెట్టె యూనిట్ నుంచి ఇంటికొచ్చిందట. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. "ఇప్పుడు అందులో నా పుస్తకాలు పెట్టుకుంటున్నా. పేరు మాత్రం చెరపనివ్వలేదు" అంటూ ఆ నంబరు గడగడా అప్పజెప్పింది.

ఇక అసలు పని. యుద్ధంలో అమరులైనవారి పిల్లల ట్యూషన్, హాస్టల్ ఫీజులు రక్షణ శాఖ భరిస్తుంది. 1971 యుద్ధం తర్వాత వచ్చిన పథకమిది. 2017లో నెలకు రూ.10,000 పరిమితి పెట్టారు, 2018లో ఎత్తేశారు. అయినా ఒక కాలేజీ ఆఫీసులో అలాంటిదేమీ లేదని ఒక తల్లిని మూడుసార్లు తిప్పారు. మన మాజీ సైనికులు ఇద్దరు కాగితాలన్నీ పట్టుకుని ఆమె వెంట వెళ్లాక గానీ పని కాలేదు. సన్మానం కన్నా ఆ తోడే పెద్దదని నా నమ్మకం.

ఈ పిల్లల్లో ఇంటర్‌లో కనీసం 60 శాతం తెచ్చుకుని ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో చేరినవారికి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అమ్మాయిలకు నెలకు రూ.3,000, అబ్బాయిలకు రూ.2,500. ఇద్దరి చేత దరఖాస్తు చేయించాం. ఒకరిది ఆగిపోయింది. బడి రికార్డులో పేరు ఒకలా, తండ్రి సర్వీసు రికార్డులో మరోలా ఉంది. తల్లులారా, ఈ అక్షరాలు ఇప్పుడే సరిచూసుకోండి. దిద్దించడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మేమే వెంట వస్తాం.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళాలు ఆ కార్యాలయంలోనే జమ చేశాం. లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి.

చివరగా ఒక చిన్న పని మిగిలింది. ఆ పాప పెట్టె మీద పెయింటు పెచ్చులు లేస్తోందట. మన సభ్యుల్లో పెయింటింగ్ పని తెలిసిన, సైన్యంలో నాయక్ హోదాలో పనిచేసిన ఒకాయన వచ్చే ఆదివారం వెళ్లి, ఆ అక్షరాల మీదే మళ్లీ దిద్దుతానన్నారు. కుంచె మొదట పాప చేతికే ఇస్తారట.